సర్పాలయశిల్పి జోన్ ప్రోక్టర్

తీగలలో తీగయై వ్రేలాడు పసిరికపామును పెట్టెలో బంధించి ఆహారము పెట్టినను, అది తరచుగా బ్రతుకదు. దానికి కావలసినది కూడు మాత్రమే కాదు. ఈ సంగతిని గ్రహించి, ఉష్ణదేశపు సర్పములకు శీతల దేశమున తగిన వసతిని కల్పించిన విదుషి జోన్ ప్రోక్టర్.

ఆమె 1897వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన లండను నగరమున జన్మించెను. పదేండ్ల ప్రాయమునకే బల్లులను, పాములను పెంచసాగెను. సెయింట్ పాల్ బాలికల పాఠశాలలో చదువుచుండగా, ఒక చిన్న మొసలిని గణితపు తరగతికి కొనిపోయెనట! ఆ పూట ఉపాధ్యాయుల అవస్థ యెట్టిదో పాఠకులే ఊహింతురుగాక.

చిన్ననాటినుండియు ఉదరవ్యాధి ఆమెను వదలలేదు. ఆ కారణముననే విశ్వవిద్యాలయములో చదువు సాగలేదు. ఐనను 1916లో బ్రిటిష్ మ్యూజియమునందలి సరీసృపశాస్త్రజ్ఞుడు జార్జి బౌలెంజరు ఆమెను సహాయకురాలిగా గైకొనెను. 1920లో ఆయన విరమించిన పిదప ఆ భారమంతయు ఆమెపై పడెను. 1923లో లండను జంతుప్రదర్శనశాలయందలి సరీసృపములకు ఆమె అధికారిణి యయ్యెను.

ఎడారిబల్లికి హితమైన వేడి వానయడవిలోని చెట్టుపామునకు హితము కాదు. చెట్టుపాములలో పెక్కు కొమ్మను చుట్టుకొని, చుట్టల నడుమ తల నుంచి పగలెల్ల కదలకుండును. రాత్రివేళ తోకతో కొమ్మను బిగించి పట్టి, తలక్రిందుగా వ్రేలాడి ఎరను గ్రహించును. తొట్టిలో నీరున్నను ముట్టక, తన మేనిపై నిలిచిన నీటిబొట్లను త్రాగునవియు కలవు. గాలిలో తేమ కొరవడినచో కుబుసము ముక్కలుగా చినిగి, కంటిపై పొర అంటుకొనిపోవును. కావున దానికి వెడల్పుకంటె ఎత్తు గల గూడు, దృఢమైన కొమ్మ, చల్లిన నీరు, మితమైన వేడి వలయును. మిక్కిలి శ్రద్ధ గలవారికి గాని ఈ పెంపకము తగదు.

ఇట్లు ప్రాణిప్రాణికి వేరైన అవసరములను లెక్కించియే ప్రోక్టర్ నూతన సర్పాలయమునకు రూపకల్పన చేసెను. అది 1927లో తెరువబడెను. గూళ్లకు విద్యుత్తుతో వేర్వేరు ఉష్ణోగ్రతలు నేర్పరుపబడెను. సూర్యునియందలి అతినీలలోహిత కిరణములను లోనికి రానిచ్చు ప్రత్యేకమైన గాజు అమర్పబడెను. చూపరులు నిలుచు తావు చీకటిగను, గూళ్లు వెలుగుగను ఉండెను. అందువలన గాజుపై చూపరుల నీడలు పడక, ప్రాణులు స్పష్టముగా కానవచ్చెను.

ఆ యేడే కొమోడో ద్వీపపు మహాబల్లులు రెండు వచ్చిచేరెను. సుంబావా అను దానికి ఆమె తన చేతితోనే ఆహార మందించెడిది. దానితో కలిసి తోటలో తిరిగెడిది.

వ్యాధి మాత్రము ముదురుచునే యుండెను. నడువలేని దినములలో చక్రముల కుర్చీపై వచ్చి తన ప్రాణులను చూచుకొనెడిది. 1931లో షికాగో విశ్వవిద్యాలయము ఆమెకు గౌరవ డాక్టరు పట్టము నొసగెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 20వ తేదీన, 34 ఏండ్ల ప్రాయమున, ఆమె లండనులో కన్నుమూసెను.