మైకుకు మోటారు అమర్చిన పీటర్ జెన్సన్

మన సంఘం సమావేశం ఏలూరులో జరిగినా, తాడేపల్లిగూడెంలో జరిగినా, వెనుక వరుసలోని పెద్దలు ముందుగా వాకబు చేసేది మైకు సంగతే. డి.ఎ. బకాయిల కబురు చివరివారికి కూడా వినపడాలి కదా! ఉద్యోగకాలమంతా మోటార్ల మధ్య గడిపినవాణ్ణి కనుక, ఆ మైకు బూరలోని మోటారును మనకందించిన మహనీయుని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

పీటర్ జెన్సన్ గారు 1886లో డెన్మార్కు దేశంలోని ఫాల్‌స్టర్ దీవిలో జన్మించారు. కోపెన్‌హాగన్‌లో పౌల్సెన్ అనే ప్రసిద్ధ శాస్త్రజ్ఞుని వద్ద పని నేర్చారు. 1909లో వైర్‌లెస్ పనిమీద అమెరికా వెళ్ళారు. అక్కడ ప్రిడామ్ అనే ఇంజనీరుతో కలిసి, కాలిఫోర్నియాలోని నాపా అనే చిన్న ఊళ్ళో ప్రయోగశాల నెలకొల్పారు.

అయస్కాంతం నడుమ ఉన్న తీగచుట్టలో కరెంటు పారితే చుట్టను ఒక బలం తోస్తుంది. మామూలు మోటారులో ఆ బలంతో ఇరుసు తిరుగుతుంది. వీరి యంత్రంలో చుట్ట తిరగదు, ముందుకూ వెనక్కూ కదులుతుంది. దానికి అతికిన పలుచని రేకు గాలిని కదిలిస్తే అదే శబ్దం. ఈ సూత్రం మీద ఇంగ్లండులో ఆలివర్ లాడ్జి 1898లోనే పేటెంటు పొందారు. అయితే దాన్ని జనం మధ్యకు తెచ్చినవారు జెన్సన్, ప్రిడామ్ గార్లు. మొదట దీనిని టెలిఫోనులో చెవి దగ్గర పెట్టుకునే భాగంగా తయారుచేశారు. టెలిఫోను వారు వద్దన్నారు. మిత్రులిద్దరూ నిరాశపడక, 1915లో దానికి గ్రామఫోను బూర తగిలించారు. ఆ ఏడాది క్రిస్మసుకు శాన్‌ఫ్రాన్సిస్కో సిటీహాలు ముందు వేలాది జనం ఆ ధ్వని విన్నారు. 1917లో మాగ్నావాక్స్ కంపెనీ ఏర్పడింది. లాటిన్ భాషలో ఆ పేరుకు గొప్ప గొంతు అని అర్థం. 1919 సెప్టెంబరు 19న శాన్‌డియాగోలో అధ్యక్షుడు విల్సన్ నానాజాతి సమితి గురించి చేసిన ప్రసంగాన్ని సుమారు 50 వేలమంది వీరి బూరల ద్వారానే విన్నారు. అంతకుముందు నాయకుని గొంతు ఎంతదూరం పోతే సభ అంతవరకే!

1927లో జెన్సన్ గారు షికాగోలో తన పేరుతోనే స్పీకర్ల కంపెనీ స్థాపించారు. 1961లో కన్నుమూశారు.

కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరలో మోగే బూర యూనిట్‌లోనూ, నేడు ఊరేగింపుల్లో గుండెలదరగొట్టే సబ్‌వూఫర్లలోనూ ఉన్నది ఆ చుట్టా, ఆ అయస్కాంతమే. రెంటికీ మధ్య సందు ఎంత సన్నగా ఉంటే తోపు అంత గట్టిగా ఉంటుంది. కానీ చుట్ట అయస్కాంతానికి ఒరుసుకుంటే గరగరలాడుతుంది, మోతాదు మించి కరెంటు పంపితే మాడిపోతుంది. యంత్రానికే హద్దు ఉన్నప్పుడు మనిషి చెవికి, గుండెకు ఉండవా? రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు పెట్టరాదని 2000 సంవత్సరపు కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. మన ఇళ్ళ శుభకార్యాలలో పిల్లలకు ఆ మాట చెప్పవలసిన పెద్దలం మనమే.

చివరి వరుసలోని మనిషికి మాట చేరవేసిన ఆ సాధనను గౌరవించడమంటే, పక్కింటి రోగి నిద్రను కూడా గౌరవించడమేనని నా అభిప్రాయం. జెన్సన్ గారికి నా నమస్సుమాంజలి.