శస్త్రచికిత్సకు అభయమిచ్చిన లిస్టర్

పందొమ్మిదో శతాబ్దం మధ్యనాటికి మత్తుమందు వాడుకలోకి వచ్చింది. శస్త్రచికిత్సలో రోగికి బాధ తప్పింది గాని మృత్యుభయం తప్పలేదు. ఎంత నేర్పుగా కోసినా నాలుగు రోజులకు గాయం చీము పట్టేది. చీము పుట్టడం గాయం మానడానికి శుభసూచకమని నమ్మిన వైద్యులూ ఉండేవారు! ఈ దుస్థితిని మార్చినవాడు జోసెఫ్ లిస్టర్.

ఆయన 1827 ఏప్రిల్ 5న ఇంగ్లండులోని అప్టన్‌లో జన్మించాడు. తండ్రి వృత్తిరీత్యా ద్రాక్షసారా వర్తకుడైనా సూక్ష్మదర్శినిని మెరుగుపరచిన పరిశోధకుడు. లండన్‌లో వైద్యవిద్య ముగించిన లిస్టర్ ఎడింబరోలో జేమ్స్ సైమ్ వద్ద శస్త్రవిద్యలో ఆరితేరి, 1856లో గురుపుత్రిక ఆగ్నెస్‌ను వివాహమాడాడు. భర్త ప్రయోగాల వివరాలను ఓపికతో రాసిపెట్టిన సహధర్మచారిణి ఆమె. 1860లో ఆయన గ్లాస్గోలో ఆచార్యుడయ్యాడు.

అక్కడ 1864, 1866 సంవత్సరాలలో ఆయన వార్డులో అవయవం తొలగించిన 35 మందిలో 16 మంది మరణించారు. పదార్థాలు కుళ్ళడానికి సూక్ష్మజీవులే కారణమన్న పాశ్చర్ పరిశోధనలు ఆయనకు దారి చూపాయి. సూక్ష్మజీవులను వేడితో చంపవచ్చు. కాని మనిషి శరీరాన్ని మరిగించలేము కదా! కార్లైల్ పట్టణంలో మురుగునీటి దుర్గంధాన్ని పోగొట్టడానికి కార్బాలిక్ ఆమ్లం వాడుతున్నారని ఆయన విన్నాడు. 1865 ఆగస్టు 12న బండిచక్రం కింద కాలు నలిగిన 11 ఏళ్ళ బాలుడిని ఆసుపత్రికి తెచ్చారు. ఎముక విరిగి చర్మం చీలింది. అటువంటి కాలును తొలగించడమే ఆనాటి పద్ధతి. లిస్టర్ ఆ ఆమ్లంలో తడిపిన గుడ్డతో గాయాన్ని కప్పాడు. చీము పట్టలేదు, ఆరు వారాలకు కాలు దక్కింది. తర్వాత ఆయన అవయవం తొలగించిన 40 మందిలో మరణించినవారు ఆరుగురే.

అయినా ఎందరో శస్త్రవైద్యులు ఆయనను పరిహసించారు. నమ్మినవారిలో అబర్డీన్ వైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ ఒకడు. ఆయన 1880లో చీమును పరీక్షించి ద్రాక్షగుత్తుల వంటి సూక్ష్మజీవులను చూశాడు. 1882లో వాటికి స్టెఫైలోకాకస్ అని పేరు పెట్టాడు. ద్రాక్షగుత్తికి గ్రీకుమాట స్టెఫైలీ. వీటిలో బంగారు వన్నె గలది ఆరియస్. పేరు బంగారమే గాని గుణం కాదు. సుమారు ముగ్గురిలో ఒకరి ముక్కులో అది హాని చేయకుండా నివసిస్తుంది. చర్మం తెగితే లోపలికి చొరబడి సెగగడ్డ మొదలు రక్తదోషం వరకు కలిగిస్తుంది. అందుకే సబ్బుతో చేతులు కడుక్కోవడం, గాయాన్ని శుభ్రపరచి కప్పడం, ఒకరి తువ్వాలు, క్షురకత్తి మరొకరు వాడకపోవడం నేటికీ ముఖ్య రక్షణలు.

శత్రువు ప్రధానంగా గాలిలోనే ఉందని తలచి లిస్టర్ చాలాకాలం శస్త్రచికిత్స గదిలో కార్బాలిక్ తుంపరలు చల్లించాడు. గాలికంటె చేతులు, పరికరాలు, చర్మమే ప్రమాదకరమని తేలగానే 1890లో ఆ పద్ధతిని తానే బహిరంగంగా తోసిపుచ్చాడు. తన కీర్తికి చిహ్నమైన పద్ధతిని వదులుకోవడం సామాన్యమైన విషయం కాదు.

1893లో ఆగ్నెస్ మరణించింది. 1912 ఫిబ్రవరి 10న లిస్టర్ కన్నుమూశాడు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ప్రార్థనలు జరిపిన అనంతరం ఆయనను హ్యాంప్‌స్టెడ్ శ్మశానంలో భార్య సమాధి పక్కనే ఖననం చేశారు.