పోయిన పాయింట్లు తిరిగొచ్చేదెలా? ఎలో మాస్టారి లెక్క

ధర్మవరంలో రైలెక్కి పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరుకు ఇంటర్వ్యూకు వెళ్తున్నారనుకోండి. టైంపాస్‌కి ఫోన్‌లో చెస్. మీ రేటింగ్ 1500, అవతలివాడిది 1300. ఈజీగా కొట్టేయొచ్చనుకుంటే, వాడు ఒక్క తప్పూ లేకుండా మెషీన్‌లా ఆడి మిమ్మల్ని ఓడించేశాడు. 15 పాయింట్లు గల్లంతు! నాలుగు రోజులయ్యాక ఓ మెసేజ్ వస్తుంది. ఆ ఆటగాడు మోసం చేసినట్టు తేలిందని, మీ పాయింట్లు మీకు తిరిగి కలిపామని. బాగుంది. ఇంతకీ పోయినవి 15 అని తేల్చిందెవరు? ఆ లెక్కకు పునాది వేసిన ఆర్పాడ్ ఎలో ఇలాంటి ఆన్‌లైన్ గేమ్‌లు ఇంటింటికీ రాకముందే, 1992లో కన్నుమూశారు. చాలామంది ఎలో అంటే ఏవో నాలుగు ఇంగ్లిష్ మాటల పొడి అక్షరాలనుకుంటారు. కాదు, అది ఆయన ఇంటిపేరు.

ఎలో 1903 ఆగస్టు 25న హంగరీలోని ఓ పల్లెలో పుట్టారు. 1913లో అమ్మానాన్నలతో అమెరికా చేరారు. షికాగో యూనివర్సిటీలో చదువుకుని, మిల్వాకీలోని మార్క్వెట్ యూనివర్సిటీలో నాలుగు దశాబ్దాలకు పైగా ఫిజిక్స్ పాఠాలు చెప్పారు. చెస్ ఆయనకు ఉద్యోగం కాదు, పిచ్చి. అలాగని ఊరికే ఆడే రకమూ కాదు. విస్కాన్సిన్ రాష్ట్ర టైటిల్ ఎనిమిదిసార్లు గెలిచారు. 1957లో పద్నాలుగేళ్ల బాబీ ఫిషర్ చేతిలో ఓడిపోయారు కూడా.

అప్పట్లో అమెరికా చెస్ సమాఖ్య కెన్నెత్ హార్క్‌నెస్ తయారుచేసిన పద్ధతి వాడేది. మీ ప్రత్యర్థుల సగటు రేటింగ్ తీసుకుని, మీరు 50 శాతానికి పైన సాధించిన ఒక్కో శాతానికి 10 పాయింట్లు కలిపేవారు. సింపులే గానీ ఫలితాలు కొన్నిసార్లు తేడా కొట్టేవి. దీన్ని సరిచేసే పని ఎలోకు అప్పగించారు. ఫిజిక్స్ మాస్టారు కదా, కొలతలో తప్పు ఉండి తీరుతుందనే ఆలోచనతోనే మొదలుపెట్టారు. ఏ ఆటగాడూ రోజూ ఒకేలా ఆడడు. ఓ రోజు అదరగొడతాడు, ఇంకో రోజు తేలిపోతాడు. మనం పట్టుకోవాల్సింది ఆ ఎగుడుదిగుళ్ల మధ్య ఉన్న సగటును. నీళ్లలో ఎగిరెగిరి తేలే బెండు ఎక్కడుందో, గాలికి ఊగే తాడుకు కట్టిన బద్దతో కొలవడం లాంటిదని ఆయన ఈ పనిని పోల్చేవారు.

ఇప్పుడు మీ 15 పాయింట్ల దగ్గరికొద్దాం. 200 పాయింట్ల తేడా ఉంటే పైవాడు నూటికి 76 పాయింట్లు సాధించాలని ఎలో పట్టిక చెబుతుంది. గెలిస్తే 1, ఓడితే 0. మీ నుంచి ఆశించింది 0.76, వచ్చింది సున్నా. ఆ తేడాను 20తో హెచ్చవేస్తే 15. మీ దగ్గర తగ్గినవే అవతలివాడికి చేరతాయి. ఇప్పుడు చాలా వెబ్‌సైట్లు ఈ పద్ధతికి మార్పులు చేసిన గ్లికో వాడుతున్నాయి కాబట్టి అంకెలు కాస్త మారతాయి, అంతే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. దొంగ అకౌంట్ మూసేస్తే అందులోని మీ పాయింట్లూ దాంతోపాటే పోతాయి. అందుకే తిరిగివ్వడం దయాదాక్షిణ్యం కాదు, మీ సొమ్ము మీకివ్వడమే. కానీ ఈ నాలుగు రోజుల్లో మీరు 1485తో పెనుకొండ కుర్రాడొకడితో ఆడి ఓడారనుకోండి. మిమ్మల్ని 1500 మీద ఓడించి ఉంటే అతనికి ఇంకొంచెం ఎక్కువ వచ్చేది. అతను ఆ తర్వాత ఇంకొకరితో ఆడాడు... ఇలా గొలుసు మొత్తం విప్పి ఎవరూ లెక్కకట్టరు. చెస్ సైట్లు సాధారణంగా దొంగతో నేరుగా ఆడి ఓడినవాళ్లకే, అదీ ఇటీవలి గేమ్‌లకే పాయింట్లు తిరిగిస్తాయి. మిగతాది ఎలో లెక్కే చూసుకుంటుంది. మీ బలం 1500 అయితే, తర్వాతి గేమ్‌లలో మీ నుంచి ఆశించిన దానికన్నా ఎక్కువ గెలుస్తూ మెల్లగా అక్కడికే చేరతారు.

పోటీ పరీక్షలకు ఆ సౌకర్యం లేదు. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్‌ను పేపర్ లీకేజీ బయటపడ్డాక 2023 మార్చిలో టీఎస్‌పీఎస్‌సీ రద్దు చేసింది. నిజాయితీగా రాసినవాళ్లూ మళ్లీ రాయాల్సి వచ్చింది. పరీక్ష ఒక్కటే కాబట్టి ర్యాంకు తనంతట తాను సర్దుకోవడానికి ‘తర్వాతి గేమ్’ ఉండదు మరి.

ఎలో పద్ధతిని అమెరికా 1960లో, ప్రపంచ సమాఖ్య ఫిడే 1970లో తీసుకున్నాయి. 1971 జాబితాలో ఫిషర్ 2760తో అందరికన్నా పైన నిలిచాడు. ఆ జాబితాల లెక్కలు ఏళ్ల తరబడి ఎలోనే స్వయంగా కట్టారు. మన కోనేరు హంపి 2007లో 2600 దాటినా, అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరు జాబితాలో 2801కి చేరినా, కొలబద్ద ఆయనదే. చివరి రోజుల్లో మాత్రం కుర్రాళ్లు బోర్డు వదిలేసి రేటింగ్ వెంట పడటం చూసి, ఓ భూతాన్ని తయారుచేశానేమోనని వాపోయారు. 1992 నవంబరు 5న, 89 ఏళ్ల వయసులో చనిపోయారు.

ఆయన పోయిన నాలుగేళ్లకే వర్జీనియా జైల్లోని క్లాడ్ బ్లడ్‌గుడ్ అనే ఖైదీ 2702 రేటింగ్‌తో అమెరికాలో రెండో స్థానానికి చేరాడు. ఆడింది తోటి ఖైదీలతోనే. కావాలని చేశాడా, లేక బయటివాళ్లతో ఆడే వీల్లేక అలా జరిగిందా అనే వాదన ఇంకా ఉంది. మీ హాస్టల్లో పదిమంది కూడబలుక్కుని ఒకడికి ఓడిపోతూ ఉన్నా ఇలాగే అవుతుంది. ఇంజిన్ సాయం ఉండదు, ఎత్తులన్నీ మనుషులవే. అందుకే దీన్ని పట్టుకోవడం ఇంకా కష్టం.