వంటింటి నుంచి నవల దాకా: వట్టికోట ఆళ్వారుస్వామి జీవితం



వార్షికోత్సవ సంచికకు రచనలు కోరినప్పుడు మనలో చాలామందిమి కవితలు ఇస్తాం. కథ ఇచ్చేవాళ్లం తక్కువ. కథ మొదలుపెట్టనిది ఎవరం? నోటు పుస్తకం చివరి పేజీల్లో రెండు పేరాలు రాసి ఆపేసిన కథలు మన ట్రంకు పెట్టెల్లో ఎన్నో ఉంటాయి. రచయిత కావాలన్న కోరిక మనకు ఉంది. ఆ కోరికను ఒక లెక్కగా, ఒక క్రమంగా మార్చుకోవడమే తెలియదు. అందుకే ఈసారి మన తెలంగాణ నేల మీద పుట్టి, వంట చేస్తూ చదువు నేర్చుకుని, నవలాకారుడైన వట్టికోట ఆళ్వారుస్వామి గారి జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాం.

బాల్యం, చదువు

ఆళ్వారుస్వామి గారు 1915 నవంబరు 1న నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చెరువు మాధారం గ్రామంలో జన్మించారు. తల్లి సింహాద్రమ్మ, తండ్రి రామచంద్రాచార్యులు. చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. బడికి పంపే స్తోమత ఇంట్లో లేదు. సీతారామారావు అనే ఉపాధ్యాయుని ఇంట్లో వంట చేసిపెడుతూ, ఆయన దగ్గరే చదువు నేర్చుకున్నారు. ఆ వయసులో ఆయన ముందున్న లక్ష్యం ఒక్కటే: చదవడం, రాయడం రావాలి.

తర్వాత బతుకు తెరువు కోసం విజయవాడ వెళ్లి హోటల్లో సర్వర్‌గా పనిచేశారు. అక్కడి నుంచి హైదరాబాదు చేరి ప్రూఫ్ రీడరు అయ్యారు. ప్రూఫులు దిద్దడమంటే ఇతరులు రాసిన ప్రతి అక్షరాన్నీ కళ్లతో తడమడం. వాక్యం ఎక్కడ తప్పిందో, ఎక్కడ కుదిరిందో ఆ పనిలో తెలుస్తుంది. కాలేజీ మెట్లెక్కని మనిషికి అచ్చాఫీసే కాలేజీ అయింది.

గ్రంథమాల

ఆ రోజుల్లో మన వికారాబాదు, తాండూరు కూడా నిజాం రాజ్యంలోనివే. తాండూరు తాలూకా 1956 దాకా గుల్బర్గా జిల్లాలో ఉండేదని ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలియదు. రాజ్యంలో అధికార భాష ఉర్దూ. తెలుగులో చదువుకునే వీలు చాలా తక్కువ. సభ పెట్టుకోవాలన్నా గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ప్రకారం సర్కారు అనుమతి కావాలి. ఊళ్లలో వెట్టిచాకిరి. అటువంటి కాలంలో తెలుగు పుస్తకం అచ్చువేసి అమ్మడమే ఒక ఉద్యమం.

1938లో, ఇరవై మూడేళ్లు కూడా నిండని వయసులో, ఆళ్వారుస్వామి గారు సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించారు. డబ్బున్న పెద్దమనిషి పని కాదది, కూలి చేసుకునే యువకుడి సాహసం. పుస్తకాలు తానే మోసుకుంటూ ఇంటింటికీ తిరిగి అమ్మేవారు. అమ్మగా వచ్చిన డబ్బుతో ఇంకో పుస్తకం వేసేవారు. అలా ఆ గ్రంథమాల నుంచి ముప్పైకి పైగా పుస్తకాలు వెలువడ్డాయి. ఎంత పెద్ద లక్ష్యమైనా ఒక్కో పుస్తకంగా విడగొట్టుకుంటే చేతికి అందుతుందని ఈ గ్రంథమాల మనకు నేర్పుతుంది.

జైలు

గ్రంథమాలతో పాటు ఆయన ఆంధ్ర మహాసభలో పనిచేశారు. కార్మికుల సంఘాల్లో తిరిగారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లారు. ఆ తర్వాత కమ్యూనిస్టు ఉద్యమంలోకి వచ్చి, 1940ల చివరి సంవత్సరాలు జైళ్లలోనే గడిపారు. నిజామాబాదు జైల్లో మహాకవి దాశరథి కృష్ణమాచార్య గారు ఆయన తోటి ఖైదీ. దాశరథి గారు బొగ్గుతో గోడల మీద పద్యాలు రాసింది ఆ జైల్లోనే. తర్వాత దాశరథి గారు తన మొదటి కవితా సంపుటి ‘అగ్నిధార’ను ఆళ్వారుస్వామి గారికే అంకితమిచ్చారు.

జైల్లో ఆయన తోటి ఖైదీల జీవితాలను శ్రద్ధగా గమనించారు. దొంగ ఎందుకు దొంగ అయ్యాడు, హంతకుడు ఏ పరిస్థితిలో కత్తి పట్టాడు అని ఆలోచించారు. ఆ పరిశీలన నుంచి వచ్చినవే ‘జైలు లోపల’ కథలు. ‘పరిసరాలు’, ‘అవకాశమిస్తే’ అన్న పేర్లు చూస్తేనే ఆయన చూపు ఎటు ఉందో అర్థమవుతుంది. మనిషిలోని చెడుకు అతని చుట్టూ ఉన్న పరిస్థితులు ఎంతవరకు కారణమో ఆ కథలు విచారిస్తాయి. కథకు ముడిసరుకు వెతుక్కుంటూ ఎక్కడికో పోనక్కరలేదని, ఉన్న చోటును సరిగా చూస్తే చాలని ఆ పుస్తకం చెబుతుంది.

నవలలు

విడుదలయ్యాక 1950లలో ఆయన ‘ప్రజల మనిషి’ నవల తెచ్చారు. దిమ్మెగూడెం అనే ఊరు, రామభూపాల్ రావు అనే దొర, ఆ దొరతనాన్ని ఎదిరించే కంఠీరవం అనే యువకుడు. నిజాం కాలపు తెలంగాణ పల్లె బతుకు, ఆంధ్ర మహాసభ తెచ్చిన చైతన్యం ఇందులో కనిపిస్తాయి. తెలంగాణ నవలకు దీన్ని తొలి మెట్టుగా సాహిత్య విద్యార్థులు ఈనాటికీ చదువుతున్నారు.

ఆయన అక్కడితో ఆగదలచుకోలేదు. ప్రజల పోరాట చరిత్రను కాలక్రమంలో నవలలుగా చెప్పాలనుకున్నారు. 1940 తర్వాతి కాలం మీద ‘గంగు’ నవల మొదలుపెట్టారు. అది పూర్తి కాకుండానే 1961 ఫిబ్రవరి 5న గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆయన వయసు 45 ఏళ్లు. అసంపూర్తి ‘గంగు’ ఆయన పోయిన తర్వాత అచ్చయింది.

మిత్రులారా! ఇక్కడ ఒక్క క్షణం ఆగి లెక్క చూద్దాం. ఇతరుల కోసం అచ్చువేసినవి ముప్పైకి పైగా పుస్తకాలు. తాను రాసిన కథల సంపుటి ఒకటి, పూర్తయిన నవల ఒకటి, సగంలో ఆగిన నవల ఒకటి. ఆయన త్యాగానికి ఈ లెక్క సాక్ష్యం. సభలు, సంఘాలు, జైలు లేకపోతే ఆ నవలలకు ప్రాణమే ఉండేది కాదు. అయితే ఆ పనులే ఆయన రాసే సమయాన్ని కూడా తినేశాయి. గంగు కథ చివరికి ఏమైందో ఆయన మాటల్లో తెలుసుకునే భాగ్యం మనకు దక్కలేదు. ఆయనను గౌరవిస్తూనే ఈ పాఠం కూడా నేర్చుకోవాలని మా విన్నపం. నలుగురి పనీ చేద్దాం, రోజులో కొంచెం సమయం మాత్రం మన రాతకు విడిగా కట్టిపెట్టుకుందాం.

మనం ఏం చేద్దాం?

గొప్ప రచయిత కావాలన్నది కోరిక. ఈ ఆదివారం లోపల రెండు పేజీలు రాయాలన్నది లక్ష్యం. మొదటిదాన్ని కొలవలేం, రెండోదాన్ని కొలవగలం. పత్రికలో అచ్చు కావడం, బహుమతి రావడం మన చేతిలో లేవు. పేజీలు రాయడం, కథ ముగించడం మన చేతిలోనే ఉన్నాయి. కాబట్టి చేతిలో ఉన్నదాన్నే లక్ష్యంగా పెట్టుకుందాం.

ఒక వంద పేజీల నోటు పుస్తకం తీసుకుందాం. తేదీ వేసి, ఆ రోజు ఎంత రాశామో ఒక వరుసలో రాసుకుందాం. రాయని రోజు ఎందుకు రాయలేదో కూడా రాద్దాం. జ్వరమా, పరీక్షలా, బద్ధకమా? నెల తిరిగేసరికి మన అడ్డంకి ఏమిటో ఆ పుస్తకమే చెబుతుంది. నెలకు ఒక కథ పూర్తి చేయాలని నియమం పెట్టుకుందాం. మొదలుపెట్టినవి లెక్కకు రావు, ముగించినవే లెక్క. పదో తరగతి, ఇంటర్ పరీక్షల నెలల్లో ఆ నియమాన్ని ఒక్క పేజీకి తగ్గించుకోవచ్చు, పూర్తిగా మానేయవద్దు. రాసిన కథను స్టడీ అవర్ అయ్యాక గదిలోని నలుగురికి చదివి వినిపిద్దాం. ఎక్కడ వాళ్లు ఆవలించారో అక్కడ దిద్దుదాం. అదే మన ప్రూఫ్ రీడింగ్.

ఇక ఏం రాయాలి? తాండూరు నాపరాయి గనుల్లో బండలు కోసే కూలీల బతుకు ఉంది. కంది చేలు ఉన్నాయి. తెలుగు, ఉర్దూ, కన్నడం కలిసిన మాట ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టే మూసీ ఉంది, తాండూరు పక్క నుంచి పారే కాగ్నా ఉంది. వికారాబాదు జంక్షన్‌లో రైలెక్కి పనికోసం పట్నం పోయే మన అమ్మానాన్నలు ఉన్నారు. ఇవి మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

పూర్వ విద్యార్థులకు మా మనవి: వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు ఒక నవలో, పది నోటు పుస్తకాలో తెచ్చి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇవ్వండి. ఇతరుల చేతికి పుస్తకం అందించడం ఆళ్వారుస్వామి గారు చూపిన బాటే.

మన మెస్‌లో వడ్డించే చేతులను, గిన్నెలు తోమే చేతులను చూసినప్పుడు ఆయనను తలచుకుందాం. అటువంటి చేతులే ఒకనాడు కలం పట్టి ‘ప్రజల మనిషి’ని రాశాయి. వచ్చే ఏటి సంచికకు ప్రతి గది నుంచి కనీసం ఒక పూర్తయిన కథ రావాలి. ‘గంగు’ను సగంలో వదిలి వెళ్లిన ఆ మహనీయునికి మనం ఇవ్వగల నివాళి అదే.