పి.వి. నరసింహారావు: ప్రశ్నలకు నిలిచిన ప్రధాని

పార్లమెంటు సమావేశాలు జరిగే రోజులలో లోక్‌సభ కార్యక్రమం ప్రశ్నోత్తరాల సమయంతో ఆరంభమవుతుంది. నక్షత్రపు గుర్తు గల ప్రశ్నకు మంత్రి లేచి నిలబడి సమాధానం చెప్పాలి. దాని వెంట వచ్చే అనుబంధ ప్రశ్నలకు ముందుగా వ్రాసిపెట్టుకొన్న కాగితం అంతగా అక్కరకు రాదు. విషయం తెలిసి ఉండాలి. గుర్తు లేని ప్రశ్నకు లిఖితపూర్వకమైన జవాబు చాలును. మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలని మన రాజ్యాంగం 75వ అధికరణంలో నిర్దేశించింది. ఆ బాధ్యత ప్రజల కంటికి స్పష్టంగా కనిపించే వేళ ఇదే.

ఆ సభలో ప్రధానమంత్రిగా నిలబడి సమాధానం చెప్పిన తెలుగువారు ఇంతవరకు ఒక్కరే. ఆయన పాములపర్తి వేంకట నరసింహారావు. బియ్యం ధర మొదలుకొని బీజింగ్ ఒప్పందం వరకు ఆయన జవాబుదారీ వహించిన విషయాలు విస్తారమైనవి. ఆ జీవితాన్ని ఒకసారి పరిశీలించడం విద్యార్థులకు ప్రయోజనకరమని మేము భావిస్తున్నాము.

నరసింహారావు 1921 జూన్ 28న వరంగల్లు ప్రాంతంలోని లక్నేపల్లిలో జన్మించారు. పసితనంలోనే కరీంనగర్ ప్రాంతపు వంగర గ్రామానికి దత్తత వెళ్లారు. నిజాం రాజ్యంలో ఆనాడు బోధనా భాష ఉర్దూ. ఇంట తెలుగు, బడిలో ఉర్దూ, ఆపైన పారశీకం, సంస్కృతం, ఆంగ్లం ఆయనకు ఒకదాని వెంట ఒకటిగా పట్టుబడ్డాయి. తరువాతి కాలంలో మరాఠీ, హిందీ, స్పానిష్ మొదలైనవి చేరాయి. తెలుగు, ఉర్దూ విద్యార్థులు ఒకే ప్రాంగణంలో చదువుకొనే మన కళాశాలకు ఈ సంగతి వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. ఒక భాషను ప్రేమించడానికి మరొక భాషను ద్వేషించవలసిన పని లేదని ఆయన విద్యాభ్యాసమే తెలుపుతున్నది.

1938లో వందేమాతర ఉద్యమంలో పాల్గొన్నందువల్ల నిజాం రాజ్యంలో చదువు సాగించే వీలు లేక, ఆయన నాగపూరు, పూనా నగరాలలో చదివి న్యాయశాస్త్ర పట్టా పొందారు. 1947–48లో స్వామి రామానందతీర్థ నాయకత్వాన సాగిన పోరాటంలో చాందా సరిహద్దు శిబిరంలో పనిచేశారు. ఉర్దూ బడిలో చదివి ఉర్దూను అభిమానించిన యువకుడే నిజాం పాలనను ఎదిరించాడు. పాలకునిపై పోరాటం వేరు, పాలకుని భాషపై పోరాటం వేరు అన్న వివేకం ఆ తరంలో పలువురికి ఉండేది.

1957 నుండి 1977 వరకు ఆయన మంథని నియోజకవర్గం తరఫున శాసనసభ్యులుగా ఉన్నారు. మంథని గోదావరీ తీరాన ఉన్న సీమ. దాని చెంతనే మహదేవపురం అడవులు. ఆ నదీతీరం వెంట దిగువకు వస్తే ఏటూరునాగారం, మంగపేటలు దాటి మన భద్రాచలం మన్యం చేరుకొంటాము. ఇప్పపువ్వు, చింతపండు ఏరి సంతలో అమ్ముకొని, ఉప్పు, కిరసనాయిలు కొనుక్కొనే కుటుంబాల బ్రతుకు ఈ పొడవునా ఒక్క తీరుగానే ఉండేది. అడవి అంచు ప్రజలకు ప్రభుత్వమంటే ఏమిటో ఆయన ఢిల్లీ చేరక పూర్వమే చూసి ఉన్నారు.

రాష్ట్ర విద్యామంత్రిగా ఉన్న కాలంలో, 1968లో, తెలుగు అకాడమి స్థాపనకు ఆయన ముఖ్యకారకులైనారు. అదే ఏడు విశ్వనాథ సత్యనారాయణ గారి 'వేయిపడగలు' నవలకు ఆయన చేసిన హిందీ అనువాదం 'సహస్రఫణ్' వెలువడింది. 1971 సెప్టెంబరులో ముఖ్యమంత్రి అయి భూపరిమితి చట్టానికి పూనుకొన్నారు. భూస్వాముల ఆగ్రహం ఒక వైపు, ముల్కీ తీర్పు రేపిన జై ఆంధ్ర ఉద్యమం మరొక వైపు చుట్టుముట్టగా 1973 జనవరిలో పదవి వదలుకోవలసి వచ్చింది.

1980 నుండి 1984 వరకు, తిరిగి 1988–89లో, ఆయన విదేశాంగ మంత్రిగా ఉన్నారు. 1983 మార్చిలో న్యూఢిల్లీలో అలీన దేశాల ఏడవ శిఖరాగ్ర సమావేశం జరిగినది ఆయన హయాంలోనే. 1991 నాటికి రాజకీయాల నుండి విశ్రాంతి తీసుకొనే ఏర్పాట్లలో ఉండగా, రాజీవ్ గాంధీ హత్యానంతరం పార్టీ నాయకత్వం, జూన్ 21న ప్రధాని పదవి ఆయనకు దక్కాయి. అప్పటికి ఆయన ఏ సభలోనూ సభ్యులు కారు. ఆ సంవత్సరాంతంలో నంద్యాల ఉప ఎన్నికలో అయిదు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచి లోక్‌సభలో ప్రవేశించారు.

సభలో ఆయన పక్షానికి పూర్తి సంఖ్యాబలం లేదు. ఖజానాలో విదేశీ మారకద్రవ్యం రెండు మూడు వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితి. ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. ధరల ప్రశ్న, విదేశాంగ ప్రశ్న కాగితం మీద రెండు శాఖలకు చెందినవి. జీవితంలో ఆ రెండూ ఒకదానినొకటి పెనవేసుకొని ఉంటాయి. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించగానే చమురు ధర మండిపోయింది. గల్ఫ్ దేశాలలో కూలినాలి చేసుకొనే మనవారు లక్షకు పైగా ఇల్లు చేరారు; వారు పంపే సొమ్ము ఆగింది. రూపాయల చెల్లింపుపై మనకు సరుకు ఇచ్చిన సోవియట్ యూనియన్ 1991 డిసెంబరులో అంతరించింది. దూరదేశపు యుద్ధం ఈ విధంగా మన వీధిలోని కిరసనాయిలు డబ్బాలోకి వచ్చి కూర్చున్నది.

1991 జులై మొదటి వారంలో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశాలకు తరలించి కుదువ పెట్టారు. జులై 24న ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ సమర్పించిన బడ్జెటు ఎరువుల ధరను 40 శాతం పెంచింది. సభలో స్వపక్షం వారే అభ్యంతరం చెప్పగా ఆ పెంపును 30 శాతానికి తగ్గించి, సన్నకారు, చిన్నకారు రైతులను మినహాయించారు. సభ్యుల ప్రశ్న సర్కారు నిర్ణయాన్ని ఎంతవరకు మార్చగలదో తెలియడానికి ఇది చక్కని దృష్టాంతము.

ఆ ఆగస్టులో టోకు ధరల పెరుగుదల సుమారు 17 శాతానికి చేరింది. తరువాత తగ్గుముఖం పట్టింది. 1994 మార్చి నాటికి విదేశీ మారకద్రవ్య నిల్వలు 1,500 కోట్ల డాలర్లు దాటాయి. కాని ఈ అంకెల ప్రక్కన మరొక అంకెను కూడా పెట్టి చూడాలి. చౌకధరల దుకాణాలకై కేంద్రం రాష్ట్రాలకు ఇచ్చే సాధారణ రకం బియ్యం ధర 1990లో క్వింటాలుకు 289 రూపాయలు. 1994 ఫిబ్రవరి నాటికి అది 537 రూపాయలైనది. రైతుకు ఇచ్చే ధర పెరిగినందువల్ల, సబ్సిడీ భారం తగ్గించదలచినందువల్ల ఈ పెంపు వచ్చినదని ప్రభుత్వ వివరణ. కూలి తల్లికి ఆ వివరణ వల్ల అన్నం ఉడకదు.

ఈ కష్టం ఆయనకు తెలియనిది కాదు. 1992లో గిరిజన, కొండ, కరవు ప్రాంతాలలోని 1,775 బ్లాకులలో పునర్వ్యవస్థీకృత ప్రజాపంపిణీ ప్రారంభమైంది. అక్కడి తిండిగింజలను కేంద్రపు ధర కంటే కిలోకు అర్ధరూపాయి తక్కువకు, కార్డుకు 20 కిలోల వరకు ఇచ్చారు. సమగ్ర గిరిజనాభివృద్ధి పథకం అమలయ్యే మన్యసీమలు దీని పరిధిలోనివి. అయినప్పటికీ 1994 డిసెంబరులో రాష్ట్ర ప్రజలు రెండు రూపాయల బియ్యం వాగ్దానం చేసిన ఎన్.టి. రామారావు గారికి పట్టం కట్టారు. ప్రధాని స్వరాష్ట్రంలోనే ఆయన పక్షం చిత్తుగా ఓడింది.

విదేశాంగ విషయాలలో ఆయన ప్రజ్ఞ నిస్సంశయమైనది. 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు ఏర్పరచుకొన్నారు. పాలస్తీనాకు మద్దతు కొనసాగించారు. 1993 సెప్టెంబరులో చైనాతో సరిహద్దు శాంతి ఒప్పందం కుదిరింది. అదే నెలలో ఇరాన్‌ను సందర్శించారు. తూర్పు ఆసియా దేశాలతో మైత్రికి దారి వేశారు. 1994లో జెనీవా మానవహక్కుల వేదికపై కాశ్మీరు విషయమై పాకిస్తాన్ తీర్మానం తెచ్చినప్పుడు, ప్రతిపక్ష నాయకుడు వాజపేయి గారిని భారత ప్రతినిధివర్గానికి నాయకుడుగా పంపారు. సల్మాన్ ఖుర్షీద్, ఫరూఖ్ అబ్దుల్లా అందులో సభ్యులు. పాకిస్తాన్ ఆ తీర్మానాన్ని ఉపసంహరించుకొన్నది. సభలో తనను నిలదీసే వారినే దేశం తరఫున మాట్లాడమని పంపగలగడం పెద్ద మనసుకే సాధ్యం.

ఇంత చెప్పిన పిదప చెప్పక విడువరానిది మరొకటి ఉన్నది. 1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చివేయబడింది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు ఇచ్చిన హామీని కేంద్రం నమ్ముకొన్నది. ఆ నమ్మకం వమ్మయినది. తరువాత చెలరేగిన అల్లర్లలో దేశమంతటా ఎన్నో ప్రాణాలు పోయాయి. రాజ్యాంగపు హద్దులకు కట్టుబడ్డానని ఆయన వాదం. వేళకు చర్య తీసుకోలేదన్నది ఆయనపై నిలిచిన అభియోగం. అల్పసంఖ్యాకుల జాతీయ సంఘానికి 1992లో చట్టబద్ధత కలిగించిన ప్రభుత్వమే ఆ ఒక్క దినాన రక్షణ కల్పించలేకపోయింది. మౌనం ఆయనకు అనేక సందర్భాలలో కవచమైనది. ఈ సందర్భంలో అదే ఆయన కీర్తికి మచ్చ అయినదని మా అభిప్రాయము.

ఆయన మూడు అవిశ్వాస తీర్మానాలను తట్టుకొన్నారు. 1993 జులైలో 14 ఓట్ల తేడాతో నిలిచిన వైనం లంచం ఆరోపణలకు దారితీసింది. 2000లో క్రింది న్యాయస్థానం శిక్ష విధించగా, 2002లో ఢిల్లీ హైకోర్టు ఆయనను నిర్దోషిగా విడిచింది. 1996 ఎన్నికలలో అధికారం పోయింది. 2004 డిసెంబరు 23న ఢిల్లీలో కన్నుమూశారు. అంత్యక్రియలు హైదరాబాదులో జరిగాయి. 2024లో భారతరత్న ప్రకటించారు.

పాలకుని సమాధానాన్ని తూచే తక్కెడ ఎక్కడ ఉన్నది? ఒక పళ్లెం ప్రపంచ సభలలో ఉంటుంది. రెండవది మన్యంలోని డి.ఆర్. డిపో ముందు, సంచి పట్టుకొని నిలబడిన మనిషి చేతిలో ఉంటుంది. నరసింహారావు గారు మొదటి పళ్లెంలో ఘనంగా తూగారు. రెండవ పళ్లెంలో కొంత తూగారు, కొంత తేలిపోయారు. పెద్దల జీవితాలను ఈ రెండు పళ్లాలతోనూ తూచి చూడగల విద్యార్థి రేపు ఓటరుగానూ, ఒకనాటికి సభ్యుడుగానూ సరియైన ప్రశ్న వేయగలడు. అట్టి ప్రశ్న మన తరగతి గదులలోనే తెలుగులోనూ, ఉర్దూలోనూ పుట్టాలని మేము ఆశిస్తున్నాము.