డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు

అప్పును వ్యాధియు ఒక్కతీరుననే పెరుగును. మొదట చిన్నదిగా కనిపించును. సకాలమున మందు దొరకనిచో ఇంటిని గుల్లచేయును. ఈ రెండింటికిని చికిత్స చేయబూనిన తెలుగు వైద్యులు పట్టాభి సీతారామయ్యగారు.

వీరు 1880వ సంవత్సరము నవంబరు 24వ తేదీన గుండుగొలను గ్రామమున ఒక పేద కుటుంబమునందు జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయిరి. మదరాసు క్రైస్తవ కళాశాలలో పట్టము పొంది, ఆ నగరమునందే వైద్యవిద్య ముగించి, మచిలీపట్టణమున వైద్యవృత్తి ప్రారంభించిరి. స్వాతంత్ర్యోద్యమమునకై తరువాత దానిని విడిచిరి.

ఆ దినములలో రైతునకు విత్తనములు కావలసినను, బిడ్డ పెండ్లికి సొమ్ము కావలసినను షావుకారు గడప తొక్కుటయే గతి. వడ్డీ పెరిగి అసలును మించును. కడకు తనఖా పెట్టిన పొలము చేజారును. పదిమంది పొదుపును ఒకచోట చేర్చి, న్యాయమైన వడ్డీకి అప్పిచ్చు సంస్థలు చాలకుండుటయే ఇందులకు ముఖ్య కారణము.

పట్టాభిగారు ఈ కొరతను తీర్చుటకు పూనుకొనిరి. 1915లో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకును, 1923 నవంబరులో లక్ష రూపాయల మూలధనముతో మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. కుటుంబ పోషకుడు మరణించినచో ఆలుబిడ్డలు దిక్కులేనివారు కాకుండ 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిరి. విత్తనముల అప్పు పంట రాగానే తీరును. పాతబాకీ తీర్చుటకో, బావి త్రవ్వుటకో తెచ్చిన అప్పు తీరుటకు ఏండ్లు పట్టును. అట్టి దీర్ఘకాలపు అప్పులకై 1927లో భూమి తనఖా బ్యాంకు నొకదానిని స్థాపించిరి.

తమ సంస్థలలో ఉత్తరప్రత్యుత్తరములు తెలుగులోనే సాగవలెనని వారు పట్టుపట్టిరి. తాను వ్రాలుచేయు పత్రమున నేమున్నదో తెలియనివానికి బ్యాంకు తలుపు తెరచియున్నను మూసినట్లే గదా!

వీరు 1942 మొదలు అహమ్మదునగరు కోటలో బందీగా నుండిరి. 1948లో కాంగ్రెసు అధ్యక్షులైరి. 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసిరి. 1959 డిసెంబరు 17న పరమపదించిరి. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయ్యెను. ఆ పేరు నేడు లేదు.

అయినను వారు తలపెట్టిన పని మన గురుబరపల్లి ప్రాంతమున ఇంకను మిగిలియున్నది. మనలో పెక్కుమందికి ఇంటిభాష యొకటి, కచేరీ పత్రముల భాష వేరొకటి. కావున, తల్లిదండ్రులారా, అప్పు పత్రము చేతికి వచ్చినపుడు మీ బిడ్డలచేత దాని నర్థమును తెలుగులో చెప్పించుకొనుడు. నూటికి నెలకెంత, ఏడాదికెంత యని వారిచేత లెక్కకట్టించుడు. వ్రాలు ఆ తరువాతనే చేయుడు.