కాటన్ దొరగారు – మన వరదలు, మన కానుకలు

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల సంఘస్థులకు వరద అనేది పుస్తకాలలో చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండలలో పుట్టి, కొద్ది దూరమే పరుగెత్తి సముద్రంలో కలుస్తాయి. కొండల మీద పొద్దున్న కురిసిన వాన మరునాటికి మన పొలం గట్టు ఎక్కుతుంది. 1980 వరదలను ఎరిగినవారు ఇప్పటికీ ఆ నీటి ఎత్తును గోడమీద చేత్తో చూపిస్తారు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరిని, జీడితోటలను నేలమట్టం చేసి, వంశధారను గట్లు దాటించింది.

ఆ తిత్లీ తరువాత మా సంఘంలో జరిగిన ఒక మాటపట్టింపే ఈ వ్యాసానికి మూలం. సహోదరీలు ఇంటింటా కూడబెట్టిన పిడికెడు బియ్యం, ఆదివారపు ప్రత్యేక కానుక, పట్నంలో ఉద్యోగాలు చేసుకొనే మన పిల్లలు పంపిన సొమ్ము అంతా కలిపి కమిటీ ముందు పెట్టారు. అదంతా బియ్యం, దుప్పట్లు, బరకాలకు ఖర్చు చేయాలని కొందరు అన్నారు. అందులో మూడవ వంతు తీసి ఊరి చెరువుకు పడిన గండి పూడ్చి తూము బాగుచేయాలని మరికొందరు పట్టుబట్టారు. ఆకలితో ఉన్నవాడికి మట్టి పెడతారా అని ఒక పెద్దమ్మగారు కోపగించుకున్నారు. అప్పుడు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు లేచి కాటన్ దొరగారి పేరు ఎత్తారు. గోదావరివారి దొర మనకెందుకని వెనుక బెంచీలోంచి ఎవరో నవ్వారు. నవ్వినవారికి జవాబుగా కాకపోయినా, ఆయన జీవితాన్ని ఒకసారి తిరిగి చెప్పుకోవాలని నాకు అప్పుడే అనిపించింది.

సర్ ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. హెన్రీ కాల్వెలీ కాటన్ గారి పదకొండుమంది కుమారులలో పదవవారు. పెద్ద కుటుంబం, చిన్న వయసులోనే బతుకుదెరువు చూసుకోవలసిన పరిస్థితి. కంపెనీ వారి ఆడిస్కాంబ్ సైనిక పాఠశాలలో చదివి, మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగం సంపాదించి, 1821లో పద్దెనిమిదేళ్ల వయసులో మద్రాసు చేరారు. 1824లో మొదలైన బర్మా యుద్ధంలో పనిచేశారు. ఆ రోజులలోనే ఆయన విశ్వాసం స్థిరపడిందని, అప్పటినుండి బైబిలు పఠనం, ప్రార్థన ఆయన దినచర్యలో భాగమయ్యాయని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. అయితే మనకు ముఖ్యమైన కాటన్ యుద్ధంలో కాదు, కావేరి ఇసుకలో తయారయ్యారు.

కావేరి మీద చోళరాజులు కట్టించిన కల్లణై అనే పాత ఆనకట్ట ఉంది. రాతి పునాది అందకుండా ఇసుకలో కట్టడం నిలవదని సీమ ఇంజనీర్లు నమ్మేవారు. పూర్వులేమో పెద్ద రాళ్లను ఇసుకలో వేస్తూ పోయారు. అవి కుంగినంత కుంగి, ఒక లోతున స్థిరపడ్డాయి. ఆ అడుగుమీద మట్టి అడుసుతో రాళ్లు పేర్చి కట్ట లేపారు. కాటన్ ఆ పనిని శ్రద్ధగా పరిశీలించి, తన చదువులో లేని పాఠం మన పనివారి తాతల దగ్గర నేర్చుకున్నారు. ఆ సంగతిని ఆయన దాచుకోలేదు కూడా. అదే పద్ధతిన 1836లో కొల్లిడాం మీద ఆనకట్టలు కట్టి తంజావూరు సాగును నిలబెట్టారు. ఎండలో తిరిగిన ఆ పని ఆయన ఆరోగ్యాన్ని దెబ్బ తీసింది. సెలవు మీద టాస్మేనియా వెళ్లారు. 1841లో అక్కడే ఎలిజబెత్ లియర్మంత్‌ను వివాహమాడారు.

తిరిగి వచ్చిన తరువాత ఆయన కొంతకాలం విశాఖపట్నంలో ఉన్నారు. మనవైపువారు మరచిపోయే సంగతి ఇది. అక్కడ సముద్రం ఒడ్డును కోసుకొనిపోతుంటే, నీటిలోనికి అడ్డంగా రాతి కట్టలు వేయించి అలల దెబ్బను తగ్గించే ప్రయత్నం చేశారు. విశాఖలో ఒక ఆరాధన మందిరం కూడా ఆయన చేతిమీదుగా లేచిందని చెబుతారు. గోదావరి పిలుపు అందినది ఆ తరువాతే.

గోదావరి జిల్లా అప్పుడు ఏ స్థితిలో ఉందో చెప్పకపోతే ఆయన పని అర్థం కాదు. 1831లో పంటలు పోయాయి. 1832లో గాలివాన. దాని వెనుకనే నందన కరువు వచ్చింది. ఒక్క గుంటూరు జిల్లాలోనే సుమారు 5 లక్షల జనంలో 2 లక్షల మంది ఆ కరువుకు బలి అయ్యారని లెక్క. తరువాత మళ్లీ కొన్నేళ్లు పంటలు సరిగా లేవు. తేరుకొనేలోగా 1839 నవంబరు 25న కోరంగి మీద ఉప్పెన విరుచుకుపడింది. ఓడలు కట్టే రేవు, ఆ రేవును నమ్ముకొన్న ఊళ్లు ఉప్పునీటిలో మునిగిపోయాయి. చనిపోయినవారు మూడు లక్షలని చాలా పుస్తకాలలో ఒకరిని చూసి ఒకరు రాస్తూ వచ్చారు. ఆ చిన్న ప్రాంతంలో అంత జనం ఉండడమే కష్టం గనుక ఆ అంకె నమ్మదగినదిగా నాకు తోచదు. నమ్మదగిన లెక్క వేరే ఉంది. 1821లో గోదావరి జిల్లా జనాభా 7,38,308. 1841 నాటికి అది 5,61,041. ఇరవై ఏళ్లలో నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. కొందరు చనిపోయారు, కొందరు పిల్లలను చంకనెత్తుకొని వలసపోయారు.

ఈ ఆపదలలో సహాయం బొత్తిగా జరగలేదని కాదు. కరువులో గంజి కేంద్రాలు పెట్టారు, ధర్మాత్ములు వండి పెట్టారు. కాని గంజి తాగి బ్రతికినవాడు మరుసటి ఏడు అదే గట్టులేని పొలానికి తిరిగి వెళ్లవలసి వచ్చింది. గోదావరి ప్రతి వర్షాకాలం కొండంత నీరు తెచ్చి, కొంత ఊళ్లమీద పోసి, మిగిలినది సముద్రంలో కలిపేసేది. నాలుగు నెలలు గడిస్తే తాగునీటికి చెలమలు తవ్వుకోవాలి. 1844లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ జిల్లా దుస్థితిని విచారించి, ఒక ఇంజనీరును పంపాలని సిఫారసు చేశారు. వచ్చినవారు కాటన్. ఆయన ఆ ఏడు ఒక నివేదిక, 1845లో మరొకటి సమర్పించారు. జనాన్ని ముంచుతున్నదీ, ఎండగడుతున్నదీ ఒకే నది అని, దానికి ఒకే మందు ఉన్నదని వాటి సారాంశం. ధవళేశ్వరం దగ్గర అడ్డుకట్ట, అక్కడినుండి కాలువలు, వరదను ఊళ్లమీదికి రానీయని గట్లు ఉండాలి. ఆ కాలువలలో పడవలు కూడా నడవాలి. పడవల మాట ఎందుకన్నారో ముందుకు పోయాక తెలుస్తుంది.

ఆనకట్టకు సుమారు 4 లక్షల 75 వేల రూపాయల అంచనా మంజూరైంది. 1847లో పని మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు పాయలమీద, మధ్య లంకలను కలుపుకొని కట్టాలి. రాయి ధవళేశ్వరం కొండనుండి తవ్వి, పట్టాలమీద బండ్లు నడిపి నది ఒడ్డుకు తెచ్చారు. వేలమంది కూలీలు దిగారు. వీణెం వీరన్న గారు అనే మన తెలుగువారు వారిని సమకూర్చి, వారికీ దొరలకూ మధ్య నిలబడి పని నడిపించారు. వరద నెలలలో చేతులు కట్టుకొని కూర్చోవాలి, నీరు తగ్గాక రాత్రింబవళ్లు చేయాలి. 1848లో కాటన్ ఆరోగ్యం మళ్లీ పాడై సెలవు తీసుకోవలసి వచ్చింది. ఆయన లేనప్పుడు కెప్టెన్ ఓర్ పని సాగించారు. 1850లో కాటన్ తిరిగి వచ్చి, 1852కి ఆనకట్ట పూర్తి చేశారు. ఓర్ వెళ్లి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్టను 1855లో ముగించారు.

కంపెనీవారు దయతోనే డబ్బిచ్చారని అనుకోనక్కరలేదు. శిస్తు పెరుగుతుందన్న ఆశ వారికి ఉంది, పెరిగింది కూడా. కాటన్ ఆ సంగతి ఎరిగే, వారికి తెలిసిన లెక్కల భాషలోనే నచ్చజెప్పారు. దయ పేరు చెప్పి అడిగివుంటే ఆ సొమ్ము వచ్చేది కాదని నా నమ్మకం.

ఇప్పుడు మన ప్రాంతం సంగతికి వద్దాం. 1858లో కాటన్ కటకం వెళ్లి మహానది డెల్టాను చూశారు. గోదావరి జబ్బే అక్కడ కూడా ఉందని, కాలువలు, గట్లు వెంటనే కావాలని రాశారు. ఆ పని ఒక ప్రైవేటు కంపెనీ చేతికి పోయి నత్తనడక నడిచింది. 1865లో వానలు పోయాయి. 1866లో ఒడిశాలో ఘోరమైన కరువు. అప్పుడు గంజాం జిల్లాలో ఉన్న మన శ్రీకాకుళం కూడా దానిలో మాడింది. ప్రభుత్వం ఆలస్యంగా మేలుకొని ఓడలమీద బియ్యం తెప్పించేసరికి వర్షాకాలం వచ్చిపడింది. తెరిపిలేని అలలలో ఓడలనుండి బస్తాలు దించడం గగనమైంది. దించిన బస్తాలను లోపలి ఊళ్లకు మోసే దారి లేదు. దానిమీద మహానది వరద. ఒడిశాలో సుమారు పది లక్షలమంది చనిపోయారు. బియ్యం ఉన్నది, ఇచ్చే చేయి కూడా ఉన్నది, కాని ఆకలిగొన్న నోటికి అది అందలేదు. కాలువలో పడవ నడవాలని కాటన్ పట్టుబట్టింది ఇందుకే. మన సహాయ కమిటీలు ఈ ఒక్క సంవత్సరపు చరిత్ర చదివితే చాలునని నాకనిపిస్తుంది. బియ్యం మూటలు సిద్ధంగా ఉండి, తెగిన దారి దగ్గర మూడు రోజులు ఆగిపోయిన అనుభవం మనకు తిత్లీ నాడు కూడా తప్పలేదు.

పదేళ్లకు, 1876లో, నాగావళికి వరద వచ్చి శ్రీకాకుళం రాతి వంతెనలో ఆరు కమానులను కొట్టుకొనిపోయింది. ఆ ఏడే దక్షిణాదిన ధాత కరువు మొదలైంది. లండను మేయరు ఆధ్వర్యాన ఇంగ్లండు ప్రజలు చందాలు పోగుచేసి సుమారు 7 లక్షల పౌనులు పంపారు. మందిరాలలో కానుకలు పట్టారు, మిల్లు కూలీలు సైతం ఇచ్చారు. ఆ ఔదార్యాన్ని తక్కువ చేయకూడదు, దానివలన ఎన్నో ప్రాణాలు నిలిచాయి. అప్పటికి డెబ్బై దాటి, ఇంగ్లండులో ఉన్న కాటన్ కరువుమీద కరపత్రం రాసి, 1878లో పార్లమెంటు సంఘం ముందు నిలబడి, నీటిపనులను నిర్లక్ష్యం చేసి రైళ్లకు కోట్లు పోయడం తప్పని వాదించారు. గోదావరి, కృష్ణ డెల్టాలలో కాలువల కింద పంట నిలిచి, ఆ గింజలు కరువు జిల్లాలకు చేరాయన్నది ఆయన చేతిలోని బలమైన సాక్ష్యం.

అయినా సంఘంవారు ఆయన మాట పూర్తిగా ఒప్పుకోలేదు. న్యాయంగా చెప్పాలంటే ఆయన అన్నివేళలా ఒప్పు కూడా కారు. రైళ్లను మరీ చిన్నచూపు చూశారు. ఆయన ఉత్సాహపడి మద్దతిచ్చిన తుంగభద్ర కాలువ – నేటి కర్నూలు-కడప కాలువ – పెట్టుబడి తిరిగి రాక, చివరకు 1882లో ప్రభుత్వం కొనవలసి వచ్చింది. ఒకచోట పండిన మందు అన్నిచోట్లా పనిచేస్తుందని నమ్మడం మంచివారికి కూడా వచ్చే జబ్బు.

1861లో సర్ బిరుదు పొందిన ఆయన, చివరి రోజులను డోర్కింగ్ అనే చిన్న ఊరిలో గడిపారు. తొంభై ఏళ్లు దగ్గరపడిన తరువాత కూడా పెరటిలో లోతుగా దున్నించి గోధుమ చల్లి, గింజలు లెక్కపెట్టుకొనేవారు. 1899 జూలై 24న, 96 ఏళ్ల వయసులో, ప్రభువునందు నిద్రించారు. మరుసటి ఏడు ఆయన కుమార్తె లేడీ హోప్ తండ్రి జీవితచరిత్రను ప్రచురించారు.

ఆయన కట్టిన ఆనకట్ట స్థానంలో లేచిన కొత్త బారేజికి ఆయన పేరే పెట్టారు. అది ఉన్నా 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల నీరు ధవళేశ్వరం దాటినప్పుడు గట్లు తెగి కోనసీమ మునిగింది. వరదను పూర్తిగా ఆపగలిగిన మనిషి లేడు. మన వంకన నాగావళి మీద తోటపల్లి రెగ్యులేటరు 1908లో గాని రాలేదు. వంశధార మీద గొట్టా బారేజి 1970ల పని. అప్పటిదాకా, ఆ తరువాత కూడా, మనవారు కోతలకు, ఊడ్పులకు గోదావరి జిల్లాలకు వలసపోతూనే ఉన్నారు. కాటన్ దొర మనకెందుకన్న ఆ వెనుక బెంచీ సహోదరుని తండ్రి కూడా అలా ఆ కాలువల కింది పొలాలలో ఊడ్చి వచ్చినవాడేనని తరువాత తెలిసింది.

మా కమిటీలో చివరకు అయిదింట ఒక వంతు చెరువుకు ఒప్పుకున్నారు. మూడవ వంతు కాలేదు. గండి పూడింది, తూముకు కొత్త తలుపు బిగించారు. ఆ సొమ్ము తగ్గినందువలన రెండు కుటుంబాలకు బరకాలు పది రోజులు ఆలస్యంగా అందాయి. పెద్దమ్మగారు ఆ సంగతి ఇప్పటికీ నాకు గుర్తుచేస్తారు. ఈసారి వర్షాలకు ముందు తూము తలుపుకు గ్రీజు పెట్టించమని చెప్పినదీ ఆమే.